ఓడినోళ్ళ ఇల్లెక్కడ?

క్లచ్ ప్లేటు కాలిన వాసన ఎక్కడ తగిలినా నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాతే మనిషి గుర్తుకొస్తుంది. మొన్న గోదావరిఖని చౌరస్తాలో షేరాటో ఎక్కాను. పొద్దున్నుంచీ ముసురు. బొగ్గు లారీలు తొక్కి తొక్కి రోడ్డంతా నల్లటి బురద. మోకాళ్ళు మోకాళ్ళకు తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాం. ఎత్తు ఎక్కేచోట బండి మూలిగింది, ఆ వాసన గుప్పుమంది. నా పక్కనున్నామె అదేదీ పట్టించుకోకుండా ఫోన్లో వీడియో చూస్తోంది. ఇయర్‌ఫోన్లు లేవు కాబట్టి బండిలో అందరం వింటున్నాం. మెడికల్ బోర్డు ముందు ఎలా నిలబడాలి, ఏ జబ్బు చెబితే నమ్ముతారు, ఏది చెబితే నమ్మరు అని ఒక మగగొంతు గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. "నా దగ్గరికొచ్చినోళ్ళల్ల ఒక్కరు గూడ ఓడిపోలే" అన్నదా గొంతు. నేను తల తిప్పి చూశాను. అదే తెల్లచొక్కా, జేబులో అవే రెండు పెన్నులు. జుట్టుకు రంగు మాత్రం కొత్తగా వేశాడు. బోర్డు సాంబయ్య. ఇన్నేళ్ళ తర్వాత, ఇప్పుడు ఫోన్లోకి కూడా ఎక్కాడు. నా చెవులు వేడెక్కాయి. ఆ వాసనా ఆ గొంతూ ఒకేసారి తగిలేసరికి, ఒకప్పుడు నేను పనిచేసిన ఆటోల షెడ్డు యజమాని జైనబక్క నా పక్కనే కూర్చుని "అడుగవేందే, నోరు లేదా?" అని మోచేత్తో పొడిచినట్టే అనిపించింది.

మా బొగ్గుగనుల ఊళ్ళ సంగతి తెలియనివాళ్ళకు కొంచెం వివరంగా చెప్పాలి. గనిలో పనిచేసే మనిషి సర్వీసు మిగిలి ఉండగానే జబ్బుపడి, ఇక పని చేయలేడని డాక్టర్ల బోర్డు తేల్చిందనుకోండి, అతని పిల్లల్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. 'అన్‌ఫిట్ అయిండు' అంటారు మావాళ్ళు. నిజంగా ఊపిరి అందనివాడికి, నడుము పడిపోయినవాడికి అది పెద్ద ఆసరా, దాన్ని నేను తప్పుపట్టను. కానీ డిగ్రీ చేతపట్టుకుని కొడుకు ఇంట్లో ఖాళీగా తిరుగుతుంటే, తన ఒళ్ళు గట్టిగా ఉన్నందుకు తండ్రి తలవంచుకునే రోజులు కూడా మా క్వార్టర్లలో ఉంటాయి. బాగున్నందుకు సిగ్గుపడే మగవాళ్ళను నేను మరెక్కడా చూడలేదు. ఆ సిగ్గును పసిగట్టి, గుమ్మం ముందు చెప్పులు విడిచి, "నేను చూసుకుంట" అని లోపలికొచ్చే మనుషులుంటారు. సాంబయ్య అలాంటివాడు. డాక్టరు కాడు, కంపెనీ మనిషి కాడు, లాయరూ కాడు. అయినా మా కాలనీలో పెళ్ళిళ్ళకు అతనికి ముందు వరసలో కుర్చీ వేసేవారు.

జైనబక్కకు ఎవరూ కుర్చీ వేయలేదు. ఆమె భర్త రెండు ఆటోలు వదిలి జ్వరంతో పోయాడు. ఆమెకు బండి నడపడం రాదు, ఇంజన్ లోపల ఏముంటుందో తెలియదు. తెలియదన్న సంగతి కనిపెట్టిన మెకానిక్కులు మొదట్లో ఆమెను నిలువునా దోచారు. బాగున్నదాన్ని విప్పారు, విప్పినదాన్ని మళ్ళీ విప్పారు. ఆ దెబ్బలన్నీ తిన్న తర్వాత ఆమె నేర్చుకున్నది ఇంజన్ పని కాదు. ఎవరిని నమ్మాలో నేర్చుకుంది. నేను డిగ్రీ పూర్తిచేసి ఆమె దగ్గర చేరేనాటికి చౌరస్తా వెనక రేకుల షెడ్డులో అయిదారు బళ్ళున్నాయి. ఫోన్లు ఎత్తడం, స్కూలు ట్రిప్పులు చూడటం, డ్రైవర్లతో ఆమె తరఫున పోట్లాడటం నా పని. పొట్టి మనిషి, గొంతు మాత్రం కోల్‌ బెల్టంతా వినపడేది. ఇంట్లో దక్కనీ, బయట మా తెలుగు, కోపమొస్తే రెండూ కలిసి వచ్చేవి. కోపం రోజూ వచ్చేది.

నేను చేరిన కొత్తలో కొత్త మెకానిక్కు కోసం వెతుకుతోంది. మంచిర్యాల నుంచి ఒకతను వచ్చాడు. చేతికి కడియం, మాటలు గలగలా. జైనబక్క అన్నిటికంటే బాగా నడిచే బండిని చూపించి, "వెనక కుడిదిక్కు టక్‌టక్ అంటాంది, జర చూడు" అంది. నేను ఉలిక్కిపడ్డాను, ఆ బండికి ఏ చప్పుడూ లేదు. అతను స్టార్టు చేసి, చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, "ఔనక్కా, బేరింగ్ పోయింది. ఇయ్యాలనే దించాలె, లేకుంటే తొవ్వల ఆగిపోతది" అన్నాడు. ఆమె చాయ్ తెప్పించి, తాగించి, పంపించేసింది. మర్నాడు ఇంకొకతను వచ్చాడు, యాకూబ్ అని, ముఖంలో నవ్వు లేని మనిషి. అదే బండి, అదే మాట. అతను బండిని రెండుసార్లు తిప్పుకొచ్చి, "నాకైతే ఏం వినవడ్తలేదు. నీకు వినవడ్డప్పుడు పిలువు, ఊకె నా టైం ఖరాబ్ చెయ్యకు" అని విసుక్కున్నాడు. జైనబక్క ముఖం వెలిగిపోయింది. ఇంకో ప్రశ్న అడిగింది. "నువ్వు ఖరాబ్ చేసిన బండి ఏది?" యాకూబ్ చేతుల గ్రీజును గుడ్డతో తుడుచుకున్నాడు. గోలీవాడలో ఒక పాలాయన బండి ఉందని, హడావుడిలో తాను చేసిన పనికి ఇంజన్ పట్టేసిందని, ఆయన కనిపిస్తే ఇప్పటికీ పక్క సందులోకి తిరుగుతానని చెప్పాడు. ఆ రోజు నుంచి బళ్ళన్నీ యాకూబ్ దగ్గరికే వెళ్ళాయి.

"లేని చప్పుడు ఉందని ఎందుకు చెప్పావక్కా?" అని అడిగాను.

"నాకు ఇంజన్ తెల్వది బిడ్డా. తెల్వని దాంట్ల నేనేం పరీక్ష పెడ్త? కాని చప్పుడు లేదన్న సంగతి నాకు ఎరుకే గద. ఎరుకున్న కాడనే పరీక్ష పెట్టాలె. లేనిదాన్ని ఉన్నదన్నోడు రేపు ఉన్నదాన్ని లేదంటడు."

"మరి రెండో ప్రశ్న?"

"పనిచేసినోని చేతుల ఎప్పుడో ఒక్కటన్న ఖరాబ్ అయితది. కాలేదంటె ఆడు పనన్న చెయ్యలేదు, లేకుంటె అబద్ధమన్న ఆడుతున్నడు."

అప్పుడు నాకు వయసు తక్కువ, నోరు ఎక్కువ. "మరి నువ్వెప్పుడూ తప్పు మనిషిని నమ్మలేదా?" అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. నా రెక్క పట్టుకుని షెడ్డు వెనక్కి లాక్కెళ్ళింది. అక్కడ తుప్పు పట్టిన ఆటో ఒకటి, చక్రాలు లేకుండా, కోళ్ళు పొదగడానికి పనికొచ్చేలా ఉంది. ఆమె భర్త స్వయంగా నడిపిన బండి అది. మాటకారి మెకానిక్కు ఒకడిని నమ్మి దాన్ని చేజేతులా చంపుకుంది. ఇనుప సామాను వాళ్ళు వచ్చి అడిగినా అమ్మలేదు. "ఇది నా ఓడిన బండి. నన్ను ఎవరన్న సలహా అడిగితే ముందుగాల దీన్నే చూపెడ్త" అంది. అడిగినందుకు నన్ను ఆ రోజంతా తిట్టింది కూడా.

ఇక మా నాయిన సంగతి. పేరు ఓదెలు. గని లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఆ పనిచేసేవాళ్ళు కొత్త చోటికి అడుగుపెట్టే ముందు పొడుగు కర్రతో కప్పును తట్టి, చప్పుడు వింటారు. గట్టి రాయి ఒకలా పలుకుతుంది, లోపల విడిపోయిన రాయి ఇంకోలా పలుకుతుంది. పై అధికారి "ఏం కాదు, నడు" అన్నా సరే, తట్టకుండా మా నాయిన కప్పు కింద నిలబడలేదు. "ఆ కర్ర నన్ను ఇంటికి పంపుతది" అనేవాడు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మా వాళ్ళ మోసాల గురించి వినగానే "చదువు లేనివాళ్ళు, పాపం, అమాయకులు" అని చప్పరించేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను ఇప్పుడు ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెబుతున్నాను. మా స్టాఫ్‌రూములో ఆ చప్పరింపు తరచుగా వింటాను. ఆ చప్పరించినవాళ్ళే ఫోన్లో ఎవరో చెప్పిన కషాయం మర్నాడు కాచుకుని తెస్తారు. మా నాయిన అమాయకుడు కాడు. తనకు తెలిసిన చీకటిలో కర్ర పట్టుకుని నడిచేవాడు, తెలియని చీకటిలో కర్ర వదిలేశాడు, అంతే తేడా. ఆ తేడా చదువుకున్నవాళ్ళలో లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మా తమ్ముడు శ్రీకాంత్ డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉంటున్నాడు. నాయినకు సర్వీసు కరిగిపోతోంది. సాంబయ్య మా గుమ్మం ముందు ఎప్పుడు చెప్పులు విడిచాడో నాకు తెలియనే తెలియదు, షెడ్డు పనిలో ఉన్నాను. ఒక సాయంత్రం నాయిన చాయ్‌ని గ్లాసు పక్కన నేల మీద పోశాడు. ఇంకోరోజు నేను ఎదురొస్తుంటే పక్కింటి ఆమె అనుకుని "మీ ఆయన వచ్చిండా?" అని పలకరించాడు. నాకు భయమేసింది. అమ్మను నిలదీస్తే దేవుడి పటం వెనక నుంచి చిన్న మందు సీసా తీసి చూపించింది, దాని మీద చీటీ కూడా లేదు. రోజూ రెండు కళ్ళలో వేసుకోవాలట. వేసుకున్నన్నాళ్ళు మసక, బోర్డు అయిపోయాక ఆపేస్తే మళ్ళీ ఎప్పటిలాగే చూపు. సాంబయ్య ఇచ్చాడు.

మర్నాడు షెడ్డులో ఏడుస్తూ ఈ సంగతి చెప్పాను. జైనబక్క నన్ను ఊరుకోబెట్టలేదు. "ఆడు మళ్ల ఎప్పుడొస్తడు మీ ఇంటికి?" అని మాత్రం అడిగింది. ఆ సాయంత్రమే వస్తాడని చెప్తే కొంగు దోపుకుని నా వెంట బయలుదేరింది.

మేం వెళ్ళేసరికి సాంబయ్య మంచం మీద, నాయిన పీట మీద కూర్చుని ఉన్నారు. అది చూడగానే నాకు మండిపోయింది. సాంబయ్య తీరిగ్గా వివరిస్తున్నాడు. "గుండె ముచ్చటైతె మిషన్లు పెడ్తరు ఓదెలన్నా. కండ్లే సులువు." జైనబక్క ఒక మూల కూర్చుని, ఎంతో వినయంగా, "సాంబయ్యన్నా, మా తమ్ముని దోస్తు చెప్పిండు, ఇప్పుడు కండ్ల కేసుకు గూడ బోర్డుల ముందుగాల నాలిక రంగు చూస్తున్నరట గదా?" అని అడిగింది.

సాంబయ్య తల పంకించాడు. "ఔ చెల్లె, మొన్నటి సంది మొదలువెట్టిండ్రు. బయట ఎవలకు ఎరుకలేదు. దానికి గూడ నా దగ్గర ఉపాయమున్నది."

"ఆ ముచ్చట నేనే పుట్టిచ్చిన. ఇప్పుడే, ఈ గడప దాటుకుంట" అంది జైనబక్క.

దొరికిపోయాడు, ఇక మూటాముల్లె సర్దుకుంటాడనుకున్నాను. నేనెంత పిచ్చిదాన్నో! సాంబయ్య రెప్పవాల్చలేదు. "ఆడమనిషివి, పది మందిల నీ మాట తీసెయ్యద్దని అన్న" అని నవ్వాడు. నా తమ్ముడు కూడా నవ్వాడు. నాయిన ముఖంలో ఆమె మీద చిరాకు. అబద్ధం నడిమింట్లో దొరికితే, పట్టుకున్న మనిషి మర్యాద లేనిదైంది, ఆడినవాడు మర్యాదస్తుడయ్యాడు. ఇన్నేళ్ళలో నేను చాలాచోట్ల చూశాను ఈ తమాషా, ఒక్కసారి కూడా అలవాటు కాలేదు.

ఆమె మాత్రం వదల్లేదు. "సరే, నీ దగ్గర ఓడినోళ్ళ ఇల్లెక్కడున్నదో చెప్పు. పోయి చూసొస్తం."

"ఓడినోళ్ళు లేరు. గెలిచినోళ్ళ ఇండ్లు చూపెడ్త, ఎన్ని కావాలె?"

"నేను చూసిన చెల్లె" అన్నాడు నాయిన. "ఇద్దరి పిల్లలు డ్యూటీకి పోతున్నరు. నా ఎదురుంగనే పోతున్నరు."

"అన్నా, గనిల కప్పును కట్టెతోని కొట్టి చప్పుడు ఇంటవు గద. గీ మనిషిని కొట్టి చూసినవా?"

నాయిన లేచి నిలబడ్డాడు. "నీకు ఆటోల ముచ్చట ఎరుక. గనుల ముచ్చట నీకెందుకు?" అన్నాడు. ఆమె లేచి వచ్చేసింది. దారిలో నేను సారీ చెప్పబోతే, "ఊకో. ఆయన కొడుకు కోసం గుడ్డోడైతున్నడు. గసొంటోడు మాటలకు వింటడా?" అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమె షెడ్డుకొచ్చిన ప్రతి డ్రైవరునూ ఒకే మాట అడిగింది. పాత గని కార్మికుల్లో చెయ్యి పట్టుకుని బండి ఎక్కించాల్సిన వాళ్ళు ఎవరైనా తెలుసా, వాళ్ళకు చూపు ఎలా పోయింది అని. ఆటోవాళ్ళకు ఊళ్ళో తెలియని ఇల్లుండదు. వాళ్ళకు బెల్లంపల్లిలో చుట్టాలు, శ్రీరాంపూర్‌లో దోస్తులు. చివరికి ఒకతను తన మేనత్త వాడలో ఉండే పోశం అనే ఆయన పేరు చెప్పాడు. అప్పుడు జైనబక్క చేసిన పని, మా నాయిన వారం సెలవు రోజు, మావాళ్ళు ప్లేడే అంటారు, ఆ రోజు ఇంటికొచ్చి, "బెల్లంపల్లిల ఒక బండి బేరం ఉన్నదన్నా. ఆడమనిషిని చూసి ఎక్కువ చెప్తరు, జర తోడు రా" అని బతిమాలడం. కోపంగా ఉన్నా, సాయం అడిగితే కాదనలేని మనిషి మా నాయిన. నేను కూడా వెళ్ళాను. మంచిర్యాల దాకా ఒక బస్సు, అక్కడినుంచి ఇంకొకటి.

బెల్లంపల్లిలో గనులు చాలామటుకు మూతపడ్డాయి. కప్పులు దిగిన పాత క్వార్టర్ల మధ్య ఒక చిన్న కిరాణా కొట్టు. కొట్లో కూర్చున్న పోశం బిస్కట్ పొట్లాలను వేళ్ళతో తడిమి తీస్తున్నాడు. జైనబక్క సోడాలు అడిగింది. మాటల్లో మాటగా, "కండ్లకు ఏమైందే కాకా?" అంది.

"షుగర్ బిడ్డా. షుగర్ తోని పోయినయి."

లోపలి నుంచి ఆయన భార్య రాజవ్వ గిన్నె కింద పెట్టిన చప్పుడు. బయటికొచ్చి నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "నీకు షుగర్ ఎన్నడున్నదయ్యా? ఊరందరికి షుగర్ అని చెప్తవు. ఆ బోర్డు సాంబడు సుక్కలేస్తే పోయినయని చెప్పవేంది? నౌకరొస్తదన్నడు. కొడుకుకు నౌకరి రాలే, నీకు చూపు రాలే. ఆడు మళ్ల ఈ గడప తొక్కలే. చెప్పవేంది?"

"చెప్తే నేను దొంగనైత గదనే" అన్నాడు పోశం, చిన్న గొంతుతో. "బోర్డును మోసం చెయ్యవోయిన్నని నేనే చాటుకోవాల్నా?"

నాకు అప్పుడు అర్థమైంది. సాంబయ్య దగ్గర ఓడినవాళ్ళు ఎందుకు లేరో. గెలిచినవాడి కొడుకు యూనిఫారం వేసుకుని నలుగురిలో తిరుగుతాడు. ఓడినవాడు షుగరనో, ముసలితనమనో, దేవుడి రాతనో చెప్పుకుని చీకట్లో కూర్చుంటాడు. అతని సిగ్గే సాంబయ్యకు కాపలా. వీళ్ళు నోరు విప్పరని తెలిసే ఆ దొంగ "ఒక్కరు గూడ ఓడిపోలే" అని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పగలుగుతున్నాడు. ఆ క్షణంలో అతను నా ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

నాయిన సోడా సీసాను తాగకుండానే కొట్టు బల్ల మీద పెట్టేశాడు. "ఆపినంక మళ్ల వస్తదన్నడు గదనే, చూపు" అన్నాడు.

పోశం గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. "నాకూ గట్లనే అన్నడు తమ్మీ."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాయిన కిటికీ పక్కన కూర్చున్నాడు. గోదావరి వంతెన మీదికి రాగానే ఒక అరచేత్తో కుడి కన్ను మూసుకుని నదివైపు చూశాడు. తర్వాత ఎడమ కన్ను మూసుకుని చూశాడు. మళ్ళీ మొదటిది. వంతెన అయిపోయేదాకా అలాగే చేశాడు. ఆటో బేరం ఏమైందని ఆమెను అడగనే లేదు. ఇంటికి రాగానే ఆ సీసా మోరీలో పారబోశాడు.

కంటి డాక్టరు దగ్గరికి కూడా జైనబక్కే తీసుకెళ్ళింది, కరీంనగర్‌కు. అక్కడ ఒక డాక్టరమ్మ, చిన్న వయసే, ముఖం నిండా అలసట. ఆమె నాయిన కళ్ళు చూస్తుంటే జైనబక్క నడుమ దూరి, "నాకు గూడ చీకట్ల పచ్చ సుక్కలు కనవడ్తున్నయి డాక్టరమ్మా" అని మొదలుపెట్టింది. నేను తల పట్టుకున్నాను. డాక్టరమ్మ లైటు వేసి చూసి, "మీ కళ్ళల్ల నాకేం కనిపిస్తలేదమ్మా. చుక్కలెందుకో నాకు తెలియదు. బయట ఎంతమందున్నరో చూసిన్రా? ఇంకోరోజు రండి" అని కసిరింది. జైనబక్క ఆ తిట్టును ఎంత సంతోషంగా అందుకుందో చెప్పలేను. మళ్ళీ అడిగింది, మీ చేతిలో బాగుకానివాళ్ళు ఉన్నారా అని. డాక్టరమ్మ పెన్ను ఆపింది. "ఉన్నరు. మొన్ననే ఒకామెకు నేనిచ్చిన మందు పనిచెయ్యలే. హైదరాబాద్ పంపినం. ఆలస్యమైంది" అంది. తర్వాత నాయినకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఎడమ కంట్లో పోయింది పోయినట్టే, తిరిగి రాదు. కుడి కన్ను నిలుస్తుందనుకుంటున్నాను, మాట ఇవ్వలేను, చెప్పిన రోజుకల్లా రావాలి. మాతో వచ్చి పక్కన కూర్చున్న మా తమ్ముడు, "గ్యారంటీ లేని డాక్టరెందుకు?" అని గొణిగాడు. జైనబక్క వాడివైపు చూడలేదు. "అన్నా, ఈమె మాట విను" అని నాయినకు చెప్పింది, అంతే.

కుడి కన్ను నిలిచింది. తర్వాత బోర్డుకు నాయిన ఉన్న సంగతితోనే వెళ్ళాడు. ఒక కన్ను బాగుంది కాబట్టి అన్‌ఫిట్ కాదన్నారు, గని లోపలికి దిగకుండా పైన పని చేసుకోమన్నారు. తమ్ముడికి ఉద్యోగం రాలేదు. ఇక చూడండి మా కాలనీ న్యాయం! ఆటోలామె మధ్యలో దూరి పిలగాడి బతుకు చెడగొట్టిందన్నారు. సగంలో ఆపకపోతే సాంబయ్య గెలిపించేవాడేనన్నారు. కొందరు ఆమె బళ్ళు ఎక్కడం మానేశారు. నా తమ్ముడు ఆమె షెడ్డు ముందే నిలబడి అనరాని మాటలన్నాడు. సాంబయ్యను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ ఏడాది కూడా పెళ్ళిళ్ళలో ముందు వరస కుర్చీ అతనిదే. వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కాల్చింది మా నాయిన. ఎడమ కంటికి ఏమైందని ఎవరడిగినా, "బొగ్గు నలక పడ్డది" అనేవాడు. బెల్లంపల్లి కొట్టు ముందు నిలబడి వచ్చిన మనిషి! ఆమె మీద నింద పడుతుంటే ఎదురుగా కూర్చుని విన్న మనిషి!

"నాయినతో నిజం చెప్పిస్తాను, లేదంటే నేనే వీధిలోకెళ్ళి అరుస్తాను" అని ఒకరోజు షెడ్డులో ఎగిరాను.

"వద్దు" అంది జైనబక్క. "నువ్వు చెప్తే అది నీ మాటయితది. ఆయనదే ఆయన చెప్పాలె. సిగ్గుపడ్డోన్ని నూకితే ఇంకింత లోపటికి పోతడు." ఆమె గొంతు తగ్గించి మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే. ఆ తర్వాత వెంటనే, ఫోను మోగుతున్నా ఎత్తనందుకు నన్ను తిట్టింది.

ఆమె కిందటి చలికాలంలో పోయింది. కిడ్నీలు. చివరిదాకా డాక్టర్లను లేని నొప్పులు చెప్పి సతాయించింది. అంతిమయాత్రకు నాయిన వచ్చాడు, చాలా వెనకగా నడిచాడు. తిరిగి షెడ్డుకొచ్చాక వెనక ఉన్న తుప్పు బండిని చూసి, దీన్ని ఎందుకుంచుకుందని అడిగాడు. నేను చెప్పాను. ఆమె ఓడిన బండి అని, సలహా అడిగిన ప్రతివాళ్ళకూ ముందు దాన్నే చూపించేదని. నాయిన దాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు.

మొన్న షేరాటోలో ఆ వీడియో ఆగిపోయాక నేను పక్కనున్నామెను అడిగాను. "అక్కా, ఈయన దగ్గర ఓడినోళ్ళ ఇల్లెక్కడ?" ఆమె అయోమయంగా చూసింది. భర్తకు ఇంకా సర్వీసు ఉందట, ఇంట్లో కొడుకు ఖాళీగా ఉన్నాడట, వచ్చే వారం సాంబయ్య ఇంటికొస్తానన్నాడట. నేను దిగేలోపు మా ఇంటి అడ్రసు చెప్పి, ఒక్కసారి రమ్మన్నాను. నాయినకు చెప్పకుండా పిలిచాను. ఆయన ఏమంటాడో నాకు తెలియలేదు. నలక అంటాడేమోనని భయం కూడా వేసింది.

ఆదివారం భార్యాభర్తలు ఇద్దరూ వచ్చారు. అతను గని డ్యూటీ దిగి వచ్చినట్టున్నాడు, కళ్ళ చుట్టూ బొగ్గు గీత ఇంకా పోలేదు. నాయిన అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎవరో, ఎందుకొచ్చారో నేను చెప్పాను. నాయిన నావైపు ఒకసారి చూశాడు. నేను తల దించుకోలేదు.

"సాంబయ్య గెలిచినోళ్ళను చూపెట్టిండా?" అని అతన్ని అడిగాడు.

"చూసొచ్చిన కాకా. ముగ్గుర్ని."

నాయిన కుర్చీని అతనికి దగ్గరగా జరుపుకున్నాడు. అరచేత్తో కుడి కన్ను మూసుకున్నాడు.

"ఇప్పుడు నీ మొఖం నాకు కనవడ్తలేదు తమ్మీ. ఈ కన్ను తోని నా పిల్లల మొఖాలు గూడ కనవడయి. నలక పడలే. షుగర్ లేదు. సాంబయ్య ఇచ్చిన సుక్కలు నా చేతులార నేనే ఏసుకున్న. ఈ రెండోది జైనబ్ చెల్లె కాపాడింది. ఆమెను ఊరంత తిట్టంగ నేను కూసొని విన్న."

అమ్మ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. అతను జేబులో చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. నాయిన కంటి మీదినుంచి చెయ్యి తీసి, ఆ మనిషిని ఇప్పుడు సరిగ్గా చూశాడు.

"ఎవరన్న అడిగితే చెప్పుండ్రి" అన్నాడు. "ఓడినోని ఇల్లు ఇదే."